ఒట్టి గంప గుర్తు

ఆగండి, ఆగండి. ఆ ఫోన్ కాసేపు బోర్లా పెట్టి ఇటు వినండి. ఓట్లు వెయ్యమని ఇల్లిల్లూ తిరిగేవాళ్లని మీరు బోలెడుమందిని చూసి ఉంటారు. నాకు ఒక్క ఓటు కూడా పడకూడదు తల్లీ అని గడప గడపకూ తిరిగి దండం పెట్టినవాణ్ని చూశారా? చూసి ఉండరు. తుంగలపల్లి వాళ్లు చూశారు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో, రింగు రోడ్డు లారీల చప్పుడు ఎప్పుడూ చెవుల్లోనే ఉండే ఊరది. ఊరి పక్కన పెద్ద చెరువు, ఆ చెరువు మీద రెండు వందల పద్నాలుగు మంది సభ్యులున్న మత్స్య సహకార సంఘం. ఆ సంఘం ఎన్నికల్లో మన అన్వేష్ సున్నా ఓట్ల కోసం నిలబడ్డాడు. గెలవడానికి కాదు, ఊరికే ఓడిపోవడానికి కూడా కాదు. కచ్చితంగా సున్నా కావాలి. ఒక్కటి పడిందా, వాడి ఎంఏ చదువు చేప పొలుసుల పాలే. ఎందుకో చెప్తాను.

అన్వేష్‌కి ఇరవై రెండేళ్లు. మేడ్చల్‌లో డిగ్రీ చదివాడు. రెండో సంవత్సరంలో లెక్చరర్ రాని ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ఫిలాసఫీ వీడియో ఒకటి తగిలింది, అంతే, మనిషి మారిపోయాడు. మంచినీళ్లు కావాలా అని ఎవరైనా అడిగితే దాహం ఒంటికా, నాకా అని పది నిమిషాలు ఆలోచించేవాడు. ఈలోపు అడిగినవాళ్లు ఆ నీళ్లు తాగేసేవాళ్లు. అట్లా ఆలోచించీ ఆలోచించీ యూనివర్సిటీలో ఎంఏ ఫిలాసఫీ సీటు కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లో చెప్తే, సూరారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి సగం నిద్రలో అన్నం తింటున్న వాళ్ల నాయిన, వాడు పుట్టినప్పట్నుంచి అన్ని ప్రశ్నలకీ ఇచ్చే జవాబే ఇచ్చాడు.

"మీ అవ్వనడుగు."

అవ్వ పేరు ఈదమ్మ. మేడ్చల్ మార్కెట్‌లో చేపలు కోసి అమ్ముతుంది. నలభై ఏళ్లు కత్తిపీట ముందు కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అందుకని ఆ పీట మీద మనవణ్ని కూర్చోబెట్టాలని ఎప్పుడో నిర్ణయించేసుకుంది. అన్వేష్‌కి చేపలు తినడమంటే ప్రాణం. కోసేటప్పుడు అవి తన వంక చూడటమే నచ్చదు.

"ఎంఏ జేస్తే ఏమైతవ్?" అని అడిగింది ఈదమ్మ.

"ఏం గాను అవ్వా. ఆలోచిస్త."

"గది పీట ముంగట గూసోని చెయ్యరాదా? చేతులు కోస్తుంటయ్, తలకాయ ఖాళీనే ఉంటది గద."

 అక్కడితో చర్చ వాయిదా పడింది.

ఇక వాడి సిద్ధాంతం వినండి, ఇది ముఖ్యం. ఏ ఎన్నికైనా తీసుకోండి. అందులోంచి ఒక్క ఓటు తీసి పారెయ్యండి. ఫలితం మారదు. అంటే ఆ ఓటు విలువ సున్నా. దాని పక్కనున్న ఓటు తీసుకోండి, అదీ సున్నానే. అట్లా పోతే అన్నీ సున్నాలే, సున్నాలన్నీ కూడితే సున్నానే. మరి గెలిచినవాణ్ని ఎవరు గెలిపించారయ్యా అంటే ఎవరూ గెలిపించలేదు, వాన పడ్డట్టు వాడంతట వాడే వచ్చి పడ్డాడు. ఈ సిద్ధాంతం పుట్టక ముందు, అసెంబ్లీ ఓట్ల రోజు అన్వేష్ ఇంట్లో పడుకున్నాడు. పుట్టాక, పార్లమెంటు ఓట్ల రోజు కూడా పడుకున్నాడు. కాకపోతే రెండోసారి బాగా ఆలోచించి పడుకున్నాడు.

ఊళ్లో కుర్రాళ్లకి ఈ సిద్ధాంతం తెగ నచ్చింది. ఎట్లాగూ పడుకునేవాళ్లే, ఇప్పుడు కారణం కూడా దొరికింది. వాళ్లు ఇరవై ఎనిమిది మంది. రెండేళ్ల కింద సబ్సిడీ బండ్లు వస్తున్నాయని ఎవరో అంటే, ఆఫీసర్ల ముందు చెరువులో ఈది చూపించి, వల విసిరి చూపించి సంఘం కార్డులు తీసుకున్నారు. వాళ్లతో పాటు అన్వేష్ కూడా ఒకటి తీసుకున్నాడు. బండ్లు రాలేదు. కార్డులు మాత్రం గట్టిగా ఉన్నాయని క్యారంబోర్డు మీద పౌడర్ సాపు చెయ్యడానికి వాడుతున్నారు.

అసలు గొడవ ఒక ఆదివారం పెద్ద వల లాగిన రోజు మొదలైంది. పెద్ద వలంటే నలభై మంది రెండు పక్కలా పట్టుకుని లాగాలి. చూడటానికి అన్వేష్ క్లాస్‌మేట్ శృతి మచ్చ బొల్లారం నుంచి వచ్చింది. ఒడ్డున ఊరికే నిలబడ్డ ఆ పిల్ల చేతిలో ఈదమ్మ ఒక ఖాళీ గంప పెట్టి, "గిది వట్టుకో బిడ్డా, నడుముకు పట్టీ కట్టుకోని ఒస్త," అని పక్కకి వెళ్లింది. వాటాలు పంచుకుని ఇళ్లకి పోతున్న వాళ్లంతా శృతి ముందు నుంచే పోవాలి. పోతూ పోతూ ఒక్కొక్కరూ ఆ గంపలో ఒక్కొక్క చేప వేసి పోతున్నారు. అడగరు, ఆగరు, ఆమె మొహం కూడా చూడరు.

"అంకుల్, నేను కొనలేదు," అంటోంది శృతి. "ఆంటీ, ఇది నాది కాదు."

ఎవరూ వినిపించుకోలేదు. ఈదమ్మ తిరిగొచ్చేసరికి గంపలో ఆరు కిలోలు.

"ఎందుకేసిండ్రు అవ్వా?" అని అడిగింది శృతి.

"ఒట్టి గంప కండ్లవడితే ఏస్తరు గద. మా దగ్గర గంతే. ఒక్క చేప పోతే ఎవనికి బరువు?"

ఈ మాట అన్వేష్ వినాలి. వింటే కథ ఇక్కడే అయిపోయేది. కానీ వాడు అప్పుడు పది అడుగుల దూరంలో, తడిసిన లుంగీ పిండుకుంటున్న బాలమల్లుకి సిద్ధాంతం చెప్తున్నాడు. బాలమల్లు అంటే పెద్ద వలకి మేస్త్రి లాంటివాడు, ఊరి వరసకి అన్వేష్‌కి మామ. ఈసారి సంఘం ఎన్నికల్లో ఒక ప్యానెల్ ఆయనది. రెండో ప్యానెల్ గౌరయ్యది. గౌరయ్య ఈదమ్మకి సొంత తమ్ముడు. చెరువుని మూడేళ్లు కాంట్రాక్టర్‌కి ఇచ్చేద్దాం, వాడి మనుషులు వచ్చి వాడి వలలతో పట్టుకుంటారు, మనం కాళ్లు తడవకుండా కూర్చోవచ్చు అనేది గౌరయ్య మాట. పెద్ద వల మనమే లాగుదాం అనేది బాలమల్లు మాట.

"మీ పోరగాళ్లంత ఓటెయ్యనీకి రావాలె అల్లుడా," అన్నాడు బాలమల్లు.

"ఎందుకు మామా? ఒక్క ఓటు ఉన్నా లేకున్నా ఒకటే గద."

"అందరు గట్లనే అనుకుంటె?" అంది ఈదమ్మ వెనక నుంచి.

"అందరనుకోరు అవ్వా. నేనొక్కన్నే అనుకుంట."

"నువ్వు అందరికి జెప్తున్నవ్ గదరా."

నలభై మంది ముందు మాట పడిపోయింది. ఇట్లాంటప్పుడు మామూలు మనిషైతే నవ్వేసి ఇంటికి పోతాడు. ఫిలాసఫర్ అట్లా పోలేడు కదా, ఇంకో మెట్టు పైకెక్కాడు.

"నేను నిరూపిస్త. నేనే నిలబడ్త. ఒక్కటంటె ఒక్క ఓటు రాకుండ సున్నా తెచ్చుకుంట. తెల్లారి గెలిచినోడు, సున్నా ఒచ్చినోడు అదే ఒడ్డు మీద అదే ఛాయ్ తాగుతరు. గప్పుడు సమజైతది మీకు, ఓటంటే ఉత్తదే అని."

"నీకు సున్నా రాదు," అంది ఈదమ్మ.

"ఒస్తది."

"ఈ ఊర్లె రాదు కొడుకా."

అట్లా పందెం పడింది. సున్నా వస్తే ఈదమ్మ నోరెత్తకుండా ఎంఏకి పంపుతుంది. ఒక్క ఓటు పడినా, ఎన్నికల మర్నాడు సోమవారం పొద్దున్నే అన్వేష్ మేడ్చల్ మార్కెట్‌లో కత్తిపీట ముందు కూర్చుంటాడు. యూనివర్సిటీలో చేరాల్సిన ఆఖరి రోజు కూడా ఆ సోమవారమే. సాక్షి శృతి. సాక్షి చేతిలో ఆరు కిలోల చేపలు. ఆ సాయంత్రం అల్వాల్ దాకా బస్సులో ఆమె పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదట.

నామినేషన్ వెయ్యాలంటే ఇద్దరు సభ్యులు సంతకాలు పెట్టాలి. ఒకటి ఈదమ్మ పెట్టింది, "నా ఓటు మాత్రం నీకు ఎయ్య, మాటంటే మాట," అని. రెండోది అన్వేష్ దోస్తు కుమార్, ఇరవై ఎనిమిది మందికీ లీడర్ లాంటివాడు. వాడు కూడా ఓటు వెయ్యనని తన బైక్ ట్యాంక్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు.

ఎన్నికల ఆఫీసర్ శైలజ మేడం ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంకా మిగిలిన గుర్తులు మూడే. తాళం, గొడుగు, గంప. కాగితం మీద గంప బొమ్మ చక్కగా గీసి ఉంది, గుండ్రంగా, నోరు తెరుచుకుని.

"ఇండ్ల ఏం లేదు గద మేడం?" అని వేలు పెట్టి అడిగాడు అన్వేష్.

"ఏముండాలి బాబూ?"

"ఏం ఉండద్దు. గదే ఇయ్యిండ్రి."

సున్నాకి ఇంతకంటే మంచి బొమ్మ ఏముంటుందని వాడు మురిసిపోయాడు. చేపలు పట్టే ఊళ్లో, చేపలు పట్టేవాళ్ల ముందు, ఒట్టి గంప పెట్టుకుని నిలబడుతున్నానని వాడికి తట్టలేదు. వాడు ఆలోచించేవన్నీ పెద్ద పెద్ద విషయాలు.

శృతికి ఫోన్ చేసి చెప్తే ఆ పిల్ల ముందు లెక్క అడిగింది.

"ఒక్కొక్కలకు ఎన్ని ఓట్లుంటయ్ రా?" అంది.

"డైరెక్టర్లు తొమ్మిది మంది. తొమ్మిది ముద్రలు గుద్దచ్చు."

"ఎనిమిది అయినంక తొమ్మిదోది గుద్దేటప్పుడు మనిషి మనసు జర మెత్తగైతదేమో సూస్కో. హోటల్లో బిల్లు కట్టినంక చిల్లర ఒదిలేసినట్టు."

"తొమ్మిది సున్నాలు గూడ సున్నానే శృతీ."

"సరే. నా దగ్గర ఇంకా మూడు కిలోల చేపలు ఫ్రిజ్‌లున్నయ్. గవ్వి గూడ సున్నాలే అనుకోని తింట."

ప్రచారం మొదలైంది. పద్దెనిమిది మంది అభ్యర్థులు ఓటు వెయ్యండని తిరుగుతుంటే పంతొమ్మిదోవాడు వెయ్యొద్దని తిరుగుతున్నాడు. మొదట దుర్గాబాయి ఇంటికి పోయాడు. దుర్గాబాయి ఈదమ్మ కంటే పెద్దది, వాకిట్లో కూర్చుని చిరిగిన వలలు అల్లుతుంది.

"అవ్వా, నాకు ఓటెయ్యకు. నీ కాల్మొక్త."

ఆమె చేతిలో పని ఆపేసి వాణ్ని కింద నుంచి పైదాకా చూసింది. "తిన్నవా బిడ్డా?"

"తిన్న. ఓటు మాత్రం ఎయ్యకు."

"ఒచ్చినోళ్లందరు నాకియ్యి నాకియ్యి అనేటోల్లే. ఒద్దు అననీకి ఇంతదూరం ఎండల నడ్సుకుంట ఒచ్చినవా? ఈదమ్మ మంచిగ పెంచింది నిన్ను. కూసో, ఛాయ్ పెడ్త."

ప్రతి ఇంట్లో ఇదే. వద్దన్న కొద్దీ ఛాయ్ ఇచ్చారు. మూడో వీధి దాటేసరికి పదకొండు ఛాయ్‌లు, రెండు గ్లాసుల మజ్జిగ, ఒక గిన్నె సర్వపిండి అయ్యాయి. ఓటు విలువ సున్నా అని వాడు పేడతో అలికిన అరుగుల మీద కూర్చుని చెప్తుంటే, ముసలివాళ్లు తల ఊపుతూ విన్నారు, మధ్యలో వాడి వీపు నిమిరారు. ఒక ముసలాయన ఐతే సిద్ధాంతం మొత్తం విని, "నిజమే కొడుకా, నా ఒక్క ఓటుతోని ఎవ్వలు గెలువరు, ఎవ్వలు ఓడరు. అంటే నేను ఎవ్వనికన్న ఎయ్యచ్చు, ఏం నష్టం లేదు," అన్నాడు. అన్వేష్ సంతోషంగా "గదే తాతా, గదే," అన్నాడు. తనకి అప్పుడే గొయ్యి తవ్వుతున్నారని తెలిస్తే కదా.

కుర్రాళ్ల సంగతి ఇంకోలా ఉంది. వాళ్ల క్యారంబోర్డు రింగు రోడ్డు బ్రిడ్జి కింద ఉంటుంది, నీడగా, గాలి జవహర్‌నగర్ చెత్త డంపు వైపు నుంచి రానంతసేపూ హాయిగా. అన్వేష్ అక్కడ నిలబడి "ఎవ్వనికి ఓటెయ్యకుండ్రి, ముఖ్యంగ నాకు" అని మాట్లాడితే కుమార్ వీడియో తీసి పెట్టాడు. మర్నాటికి నలభై వేల మంది చూశారు. సూరారం నుంచి ఎవరో ఈయనకి మా దగ్గర కూడా ఓటుందా అని కామెంట్ పెట్టారు.

"బయ్, నీ మాటలు సూపరున్నయ్," అన్నాడు కుమార్. "ఇన్నేండ్లల్ల ఒక్క లీడర్ చెప్పింది నాకు పూరా సమజైందంటే నీదే."

"నేను లీడర్ గాదురా."

"గట్లనే అంటవ్ సూడు, గదే మస్తుంటది."

ఎన్నికల ఆదివారం వచ్చింది. సంఘం ఆఫీసు ముందు షామియానా. పొద్దున ఏడున్నరకి ఈదమ్మతో పాటు వచ్చి చూసిన అన్వేష్ షామియానా బయటే ఆగిపోయాడు. లైన్‌లో మొదట నిలబడ్డది కుమార్, వాడి వెనక ఇరవై ఏడు మంది. అసెంబ్లీకి లేవనివాళ్లు, పార్లమెంటుకి లేవనివాళ్లు, తలలు దువ్వుకుని, మొహాలకి పౌడర్ కొట్టుకుని, చేతుల్లో కార్డులతో ఉన్నారు. కార్డులు క్యారం పౌడర్‌తో తెల్లగా ఉన్నాయి.

"ఏందిరా మీరొచ్చిండ్రు?"

"ఊకెనే బయ్," అన్నాడు కుమార్ ఎటో చూస్తూ. "లోపట ఎట్లుంటదో సూద్దామని."

"ప్రమాణం గుర్తుంది గద?"

"అరె, గుర్తుంది బయ్."

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఓటేసి బయటికి వచ్చిన ప్రతి ఒక్కరూ అన్వేష్ దగ్గర ఆగి, భుజం తట్టి, ఏమీ అనకుండా పోతున్నారు. గౌరయ్య తట్టాడు. బాలమల్లు తట్టాడు. దుర్గాబాయికి భుజం అందక మోచెయ్యి తట్టింది. మధ్యాహ్నానికి వాడి ఎడమ భుజం నొప్పి పుట్టింది. అన్వేష్ ఓటు వెయ్యలేదు, సిద్ధాంతం సిద్ధాంతమే. మిగతా రెండు వందల పదమూడు మందీ వేశారు. ఆ సంఘం పుట్టినప్పట్నుంచి ఇంతమంది ఎప్పుడూ వెయ్యలేదని శైలజ మేడమే చెప్పింది. అందరికంటే చివర ఈదమ్మ కర్ర పట్టుకుని బయటికి వచ్చింది.

"నేను నీకెయ్యలే," అంది. "నా మాట నేను నిలవెట్టుకున్న."

ఆ ఒక్క మాటకి వాడి ప్రాణం లేచొచ్చింది.

రెండు గంటలకి ఆఫీసు లోపల లెక్కింపు. శృతి కూడా వచ్చింది, కిటికీ బయట మిర్చీ బజ్జీల పొట్లంతో. శైలజ మేడం మొదటి కాగితం విప్పింది. బాలమల్లు ప్యానెల్‌కి ఎనిమిది ముద్రలు చదివింది. తొమ్మిదోది చదివింది.

"గంప."

అయిపోయింది. ఒకటి పడింది. అన్వేష్ కళ్ల ముందు యూనివర్సిటీ గేటు మెల్లగా మూసుకుని, దాని మీద చేప పొలుసులు రాలాయి. ఎవరో ఒక్కరు, ఒకే ఒక్క దుర్మార్గుడు వేశాడు, ఎవరై ఉంటారా అని వాడు జనం మొహాలు చూస్తుండగా మేడం రెండో కాగితం విప్పింది. గౌరయ్య ప్యానెల్‌కి ఎనిమిది ముద్రలు.

"గంప."

మూడోది. "గంప." నాలుగోది. "గంప."

ఇరవై దాటేసరికి కుర్రాళ్లు నవ్వుతున్నారు. యాభై దాటేసరికి ఎవరూ నవ్వట్లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. గీతలు గీస్తున్న గుమస్తా పెన్నులో ఇంకు అయిపోయి ఇంకో పెన్ను అడిగాడు. శైలజ మేడం నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, మళ్లీ గంప, గంప అని చదువుతూనే ఉంది. ఏదో పూజలో నామాలు చదువుతున్నట్టే ఉంది. ఒక ముసలమ్మ నిద్రమత్తులో దండం కూడా పెట్టింది.

"నేనొక్కన్నే ఏసిన అనుకున్న," అన్నాడు గౌరయ్య.

"నేను గూడ నేనొక్కన్నే అనుకున్న," అన్నాడు బాలమల్లు.

అందరూ అదే మాట. అందరూ ఎనిమిది ముద్రలు ప్యానెల్‌కి గుద్ది, ప్యానెల్‌లో తమకి పడని ఒకణ్ని వదిలేసి, చేతిలో ఇంకా ముద్ర ఉంది కదా అని కిందకి చూస్తే అక్కడ ఒట్టి గంప నోరు తెరుచుకుని కనిపించింది. పాపం పిల్లోడికి సున్నా వస్తే బాగుండదు, నా ఒక్క ఓటుతో ఎట్లాగూ ఏమీ కాదని వాడే చెప్పాడు. ఒక్కటి వేసేశారు.

"నేను దండం పెట్టి చెప్పిన గద అవ్వా," అన్నాడు అన్వేష్ దుర్గాబాయితో. 

"చెప్పినవ్ బిడ్డా. గుర్తు మాత్రం గట్ల పెట్టుకున్నవ్. ముంగట ఒట్టి గంప ఉంది, చేతుల ముద్ర ఉంది. ఎట్ల దాటిపోవాలె చెప్పు?"

వాడు కుమార్ వైపు తిరిగాడు. "బండి మీద ఒట్టేసినవ్ గదరా."

"బండి ఇంకా ఫైనాన్సోళ్లదే బయ్," అన్నాడు కుమార్, నేల చూపులు చూస్తూ.

చెల్లని కాగితం ఒకటి తేలింది, ఎవరో పంతొమ్మిది మందికీ ముద్ర గుద్ది పక్కన అందరికీ దండాలు అని రాశారు. అది పోను అన్వేష్‌కి రెండు వందల పదకొండు ఓట్లు. ఊళ్లో అతనికి ఓటు వెయ్యని మనిషి ఒక్క ఈదమ్మే. అతని తర్వాత వచ్చిన అభ్యర్థికి నూట నాలుగు. అంత మెజారిటీ ఆ సంఘంలో ఎవరికీ రాలేదు, ఎవరూ అడగలేదు కూడా.

"మేడం, నేను రాజీనామా ఇస్త," అన్నాడు అన్వేష్.

"ఇద్దువు గానీ బాబూ, ముందు మీటింగ్ పూర్తి కానీ. ఇవాళే అధ్యక్షుణ్ని ఎన్నుకోవాలి."

ఆఫీసు గదిలోనే తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గెలిచినవాళ్లలో గౌరయ్య మనుషులు ఆయనతో కలిపి నలుగురు, బాలమల్లు మనుషులు ఆయనతో కలిపి నలుగురు. మధ్య కుర్చీలో అన్వేష్. చేతులెత్తి చెప్పాలి. గౌరయ్య కావాలనేవాళ్లు అంటే నాలుగు చేతులు లేచాయి. బాలమల్లు కావాలనేవాళ్లు అంటే నాలుగు లేచాయి. మేడం రెండుసార్లు లెక్కపెట్టి, పెన్ను పట్టుకుని అన్వేష్ వైపు చూసింది. లోపలా, బయట షామియానా కిందా అందరూ వాడి చేతి వైపే చూశారు.

"నేను ఎత్తకపోతే ఏమైతది మేడం?"

"చీటీలు వేస్తాను. ఎవరి పేరొస్తే వాళ్లు."

వాన పడ్డట్టు. సరిగ్గా వాడి సిద్ధాంతంలో లాగే.

గౌరయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మనుమడా, చెయ్యి నా దిక్కు లేపు. పందెం పెట్టింది ఎవ్వలు, నా సొంత అక్కనే గద. ఆమెకు నేను చెప్పుకుంట. రేపు పొద్దుగాల నా బండి మీదనే నిన్ను యూనివర్సిటీల దింపి, ఫీజు కట్టి, క్యాంటీన్ల ఇడ్లీ తినిపిచ్చి ఒస్త."

అన్వేష్ రెండో పక్కకి తిరిగాడు. బాలమల్లు కిటికీలోంచి చెరువు వైపు చూస్తున్నాడు.

"మామా, నువ్వేమన్న చెప్పవా?"

"ఆ? ఏం జెప్పాలె అల్లుడా. వల ఆరిందో లేదో సూస్తున్న."

అన్వేష్ బుర్ర అప్పుడు పనిచెయ్యడం మొదలుపెట్టింది చూడండి. ఈ చేతి విలువ సున్నా అయితే గౌరయ్య తాత దీనికి ఎంఏ సీటూ ఇడ్లీలూ ఎందుకు ఇస్తున్నాడు? సున్నా కాకపోతే తన సిద్ధాంతం తప్పు, తప్పు సిద్ధాంతం పట్టుకుని ఎంఏకి పోయి ఏం చేస్తాడు? పోనీ సిద్ధాంతం పక్కన పెట్టి చెయ్యి బాలమల్లు మామకి ఎత్తితే రేపు పొద్దున కత్తిపీట, ఎల్లుండి కత్తిపీట, చేప కళ్లు. ఎత్తకపోతే చీటీలు, కానీ కత్తిపీట ఎక్కడికీ పోదు.

కిటికీ బయట శృతి బజ్జీ నములుతూ, ఎవరికీ చెప్పనట్టే చెప్పింది. "కాంట్రాక్టర్ ఒస్తే పెద్ద వల ఉండదు గద. ఇగ ఒడ్డు మీద గంప పట్టుకోని నిలవడితే చేపెవరేస్తరో."

 చివరికి అన్వేష్ చిన్నప్పటి నుంచి అలవాటైన పని చేశాడు. గుమ్మం దగ్గర కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డ ఈదమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, ఏం జెయ్యమంటవ్?"

ఈదమ్మ మోకాలు రుద్దుకుంది. మనవణ్ని చూసింది, తమ్ముణ్ని చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట అన్వేష్ ఎప్పుడూ వినని మాట అంది.

"మీ నాయిననడుగు."

వాళ్ల నాయిన షిఫ్టు దిగి సూరారం నుంచి నేరుగా వచ్చి షామియానా గుంజకి ఆనుకుని నిలబడే నిద్రపోతున్నాడు. ఎవరో కుదిపితే కళ్లు తెరవకుండానే చెప్పాడు.

"మీ అవ్వనడుగు."

అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే అన్వేష్‌కి ముక్కు మీద దురద పుట్టింది. మామూలు దురద కాదు, పొద్దున్నుంచి ఆపుకున్నట్టున్న దురద. వాడి కుడి చెయ్యి దానంతట అది ఒళ్లోంచి లేచింది. గౌరయ్య కుర్చీ అంచుకి జరిగాడు. బాలమల్లు వల మీది నుంచి చూపు తిప్పాడు. శైలజ మేడం పెన్ను కాగితానికి ఆనింది. చెయ్యి ఛాతీ దాటింది, గడ్డం దాటింది, ముక్కు దాకా వచ్చి ఆగింది. గోక్కుంటే దించాలి. దించకపోతే ఎత్తాలి. ఎత్తితే ఎవరికో చెప్పాలి. ఊరంతా ఆ చెయ్యినే చూస్తోంది, వేళ్లు ముక్కు ముందు అట్లాగే గాల్లో ఉన్నాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ చెయ్యి మీదైతే ఏం చేసేవాళ్లు?